ముత్తాత పతకం అంచు మీద ‘కూలీ’ అని ఉంది, ఫలకం మీద ఏం రాయను?

గజపతి జిల్లా కాశీనగర్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. హైస్కూల్లో టీచరు. వయసు నలభై దాటింది. చిన్నప్పుడే తండ్రి పోతే పెదనాన్నే చదివించి పెళ్ళి చేశారు. ఊళ్ళో వాళ్ళ ఇంటిని ఇప్పటికీ ‘బస్రా వారి ఇల్లు’ అంటారు. ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి, ఇప్పటి ఇరాక్‌లోని బస్రాలో తుపాకీ పట్టి టర్కీ వాళ్ళతో పోరాడి, హవల్దారుగా తిరిగొచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన కొడుకు, అంటే ఈవిడ తాతగారు, 1922లో పుట్టారు. ముత్తాత ముసలివాడై ఇంట్లోనే పోయారు.

పెదనాన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం. వచ్చే సంక్రాంతికి ఊళ్ళో ముత్తాత విగ్రహం పెట్టాలని బంధువుల దగ్గర చందాలు పోగుచేశాడు. భుజాన తుపాకీతో సిమెంటు విగ్రహం, కింద తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో శిలాఫలకం. ‘అక్కా, నువ్వు టీచరువి, ఆ రాత నువ్వే రాయి’ అన్నాడు. తేదీలు సరిచూద్దామని ఈవిడ పెదనాన్న ట్రంకుపెట్టెలోంచి పతకం తీసి, భూతద్దం పెట్టి అంచు చదివారు. ఒక నంబరు, దాని పక్కన ‘కూలీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో, తర్వాత ముత్తాత పేరు, చివర ‘ఎస్ అండ్ టి కోర్’ అని ఉంది. పతకం వెండిది కాదు. అసలు వెండి పతకం ఎవరో మార్చేశారని వాళ్ళ పిన్ని అనుమానం.

ఈలోగా తమ్ముడు యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో అదే పేరుతో 1917లో బస్రాలో చనిపోయిన ఒక సిపాయిని చూసి, ‘దొరికాడు మన తాత’ అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఫలకం మీద ‘అమరవీరుడు’ అని ఉండాలంటున్నాడు. పెదనాన్న దగ్గర పతకం మాట ఎత్తితే ఆయన మొహం ఎర్రబడింది. ‘ఎక్కువ తవ్వకు తల్లీ, తవ్వితే జైలు సంగతీ బయటికొస్తుంది’ అని లేచిపోయారు. ‘వాళ్ళు చెప్పింది రాసిచ్చెయ్, నీకెందుకు టెన్షన్’ అని భర్త అంటున్నారు. అసలు రికార్డులు ఎక్కడ దొరుకుతాయి, దొరికితే ఏం చెయ్యాలి, చెప్పాలా మానాలా అని ఆవిడ అడుగుతున్నారు. చివర్లో ఇంకో రెండు చిన్న ప్రశ్నలు కూడా వేశారు.

అమ్మా,

ముందు మీ తమ్ముడికి దొరికిన ‘తాత’ సంగతి చూద్దాం, అది తేలిగ్గా తేలిపోతుంది. 1917లో బస్రాలో చనిపోయిన మనిషికి 1922లో కాశీనగర్ పక్క ఊళ్ళో కొడుకు పుట్టడు. ఆ వాట్సాప్ గ్రూపులో ఇంతమంది దండాలు పెట్టారు గానీ ఒక్కరూ వేళ్ళ మీద లెక్కేసుకోలేదు! యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఉండేది చనిపోయినవాళ్ళే. మొదటి యుద్ధానికి సంబంధించి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపల మరణించినవాళ్ళ పేర్లే అక్కడ ఉంటాయి. మీ ముత్తాత తిరిగొచ్చారు కాబట్టి ఆ జాబితాలో ఆయన ఉండరు. ఆ సిపాయి వేరే ఇంటి బిడ్డ. ఆయన పేరు పక్కన తండ్రి పేరు, ఊరు ఉన్నాయేమో తమ్ముణ్ణి చూడమనండి. చాలా నమోదుల్లో ‘ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, గంజాం, మద్రాసు’ అన్న తరహాలో ఉంటుంది. సైన్యం వాళ్ళు మన ఇంటిపేర్లు సరిగ్గా రాసుకోలేదు. అప్పన్న, రామన్న, లచ్చన్న లాంటి పేర్లు మీ ప్రాంతంలో ఊరికి పది. పేరు ఒక్కటే కలిస్తే ఏమీ కలిసినట్టు కాదు. తండ్రి పేరు, ఊరు, వీలైతే నంబరు, ఈ మూడూ కలవాలి. మీకు నంబరు ఉంది, చాలామందికి అదీ ఉండదు.

ఇక పతకం. మీరు రాసిన వర్ణన చాలు. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, గుర్రం కాళ్ళ దగ్గర డాలు, పుర్రె, ఎముకలు, 1914, 1918 అంకెలు. ఇది బ్రిటిష్ వార్ మెడల్. సిపాయిలకూ అధికారులకూ వెండిలో ఇచ్చారు. లేబర్ దళాలు, పోర్టర్ దళాల వంటి వాటిలో పనిచేసినవాళ్ళకు కంచులో పోయించారు. మనవాళ్ళతో పాటు చైనా నుంచి, మాల్టా నుంచి వెళ్ళిన కూలీలకూ ఈ కంచుదే దక్కింది. అన్నీ కలిపి సుమారు లక్షా పదివేలు ఇచ్చారు. కాబట్టి మీ పిన్నిగారికి చెప్పండి, ఎవరూ దేన్నీ మార్చలేదు, మీ ట్రంకుపెట్టెలో ఉన్నది అసలుదే. ‘ఎస్ అండ్ టి కోర్’ అంటే సప్లై అండ్ ట్రాన్స్‌పోర్ట్ కోర్, సైన్యానికి తిండీ, మేతా, సామానూ చేరవేసే దళం. అదే 1923లో ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అయింది, ఈనాటి ఏఎస్‌సీ దాని వారసురాలు.

ఒక చిన్న పని. పండక్కి ఇత్తడి సామాన్లతో పాటు దాన్ని కూడా చింతపండు పెట్టి తోమే ప్రమాదం ఉంది. బ్రాసో కూడా వద్దు. అంచు మీద అక్షరాలు లోతుగా ఉండవు, నాలుగు తోముళ్ళకు అరిగిపోతాయి. మసకచీకట్లో టార్చి లైటు పక్కనుంచి పడేలా పెట్టి, పతకాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఫోనుతో ఫొటోలు తీయండి. పల్చటి కాగితం అంచు చుట్టూ చుట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దినా అక్షరాలు తేలతాయి. ఆ నంబరులో ఒక అంకె తప్పు చదివితే తర్వాత వెతుకులాటంతా దండగ.

అంచు మీదున్న ఆ మాట చూసి మీ మనసు చివుక్కుమన్నదని రాశారు. తాత తుపాకీ పట్టలేదు, బస్తా మోశాడు. మీకు అందుకే బాధగా ఉందా, లేక ఇన్నాళ్ళూ విన్నది అబద్ధమైందనా? ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు రెండోదే అనిపించింది. మొదటిదాని గురించి మాత్రం కొంత చెప్పాలి, ఎందుకంటే పెదనాన్నగారితో మాట్లాడేటప్పుడు అది మీకు పనికొస్తుంది.

బస్రా 1914 నవంబరులోనే బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది. కానీ అక్కడ ఓడలు ఆనించే రేవు కట్టడాలు లేవు. సరుకును నది మధ్యలో పడవల్లోకి దించి, పడవల్లోంచి ఒడ్డుకు మొయ్యాలి. ఓడలు వారాల తరబడి సరుకు దించకుండా పడి ఉండేవి. అక్కడినుంచి పైకి పోవడానికి సరైన రోడ్లు లేవు, టైగ్రిస్ నదే దారి. ముందుకు దూసుకుపోయిన సైన్యం ఆ నది ఒడ్డునున్న కుట్ పట్టణంలో టర్కీ వాళ్ళ ముట్టడిలో చిక్కుకుంది. దానికి తిండి అందించడం చేతకాలేదు. 1916 ఏప్రిల్ 29న సుమారు పదమూడు వేలమంది ఆకలితో లొంగిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. దీనిమీద లండన్‌లో విచారణ కమిషన్ వేశారు. 1917లో నివేదిక వచ్చాక భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. పోయింది సిపాయి ధైర్యం చాలక కాదు, మోత వ్యవహారం కుదరక. తర్వాత రేవులు కట్టారు, పట్టాలు వేశారు, నది మీద పడవలు పెంచారు, మనుషుల్ని వేలకు వేలు దించారు. అప్పుడుగానీ 1917 మార్చి 11న బాగ్దాద్ దొరకలేదు. 1919 ఆఖరుదాకా మన దేశంలో భర్తీ అయిన దాదాపు 14 లక్షల మందిలో ఐదున్నర లక్షలకు పైగా తుపాకీ లేనివాళ్ళే. బస్తాలు మోసినవాళ్ళు, కంచరగాడిదల్ని తోలినవాళ్ళు, డోలీలో క్షతగాత్రుల్ని మోసినవాళ్ళు, వంటవాళ్ళు, చాకలివాళ్ళు, పాకీపనివాళ్ళు. సైనిక చట్టం వాళ్ళకీ వర్తించేది. ఎండకూ, కలరాకూ వాళ్ళు వేరూ సిపాయిలు వేరూ కాదు.

ఇంకొకటి. బస్రా స్మారకం మీద సమాధి తెలియని 40 వేలమందికి పైగా లెక్క ఉంది. వాళ్ళలో మన సాధారణ సిపాయిలవీ, వాళ్ళ వెంట వెళ్ళిన పనివాళ్ళవీ పేర్లు చెక్కలేదు, దళాలవారీగా ఇంతమంది అని సంఖ్య మాత్రం వేశారు. ఇలాంటి అన్యాయాల మీద 2021లో యుద్ధ సమాధుల కమిషనే ఒక నివేదిక వేసుకుని క్షమాపణ చెప్పింది. ఇప్పుడు వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో ఒక కూలీ పేరు రాతి మీదికి ఎక్కబోతోంది. ఆ రాయి కూడా హవల్దారుకే పోతే, కూలీకి మిగిలేది మళ్ళీ సున్నాయే. ఇది నా అభిప్రాయం, మీమీద రుద్దను. మీ తమ్ముడికి నచ్చజెప్పాలంటే మాత్రం ఇంతకన్నా మంచి వాదన లేదు. యుద్ధంలో పోరాడినవాళ్ళ విగ్రహాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. మోసినవాడి విగ్రహం నేను ఎక్కడా చూడలేదు.

రికార్డుల గురించి అడిగారు. ఆశ పెట్టుకోవాల్సినవి, పెట్టుకోకూడనివి విడిగా చెబుతాను.

1917లో గజపతి జిల్లా లేదు, అది 1992లో గంజాం నుంచి విడిపోయింది. ఒడిశాయే 1936 ఏప్రిల్ 1న వచ్చింది. అంతకుముందు పర్లాకిమిడి అంటే మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. అందుచేత ఎక్కడ వెతికినా ‘గంజాం’, ‘మద్రాసు’ అనే వెతకాలి. పర్లాకిమిడిని కూడా అప్పటి ఇంగ్లీషు కాగితాల్లో రకరకాల స్పెల్లింగులతో రాశారు, అన్నీ వేసి చూడండి. సరిహద్దు గీశాక జమీందారీలో కొంత ఇటు, కొంత అటు పోయింది. మీ వాళ్ళ భూముల దస్తావేజులు పర్లాకిమిడిలో సగం, పాతపట్నంలో సగం ఉన్నా ఆశ్చర్యం లేదు.

సైన్యం దగ్గరికి వెళ్ళాలంటే దారి బెంగళూరులోని ఏఎస్‌సీ రికార్డ్స్ ఆఫీసు. సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టొచ్చు, ఆన్‌లైన్లో కూడా. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ‘మా ముత్తాత చరిత్ర ఇవ్వండి’ అని రాయకండి. పతకం మీది నంబరు, పేరు, దళం రాసి, ‘లాంగ్ రోల్‌లో గానీ మరే రిజిస్టరులో గానీ ఈ నంబరు నమోదు ఉందా, ఉంటే నకలు ఇవ్వండి’ అని అడగండి. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ళ సర్వీసు కాగితాలు ఇరవై ఐదేళ్ళు దాటాక ధ్వంసం చేయడం సైన్యంలో నియమం. 1917 నాటి కూలీ కాగితం ఉందని జవాబు వస్తే అది అదృష్టం. ‘రికార్డు లభ్యం కాదు’ అని వచ్చే అవకాశమే ఎక్కువ, దానికి కుంగిపోవద్దు. ‘రికార్డు లేదు’ అంటే ‘ఆయన వెళ్ళలేదు’ అని కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. మీ తమ్ముడు ఆ జవాబును ఎటు కావాలంటే అటు తిప్పగలడు.

పంజాబువాళ్ళకు మనకన్నా అదృష్టం ఉంది. లాహోర్ మ్యూజియంలో పడున్న మొదటి యుద్ధపు రిజిస్టర్లలో దాదాపు 3 లక్షల 20 వేలమంది వివరాలున్నాయి, 2021లో కొన్ని జిల్లాలతో మొదలుపెట్టి వాటిని ఆన్‌లైన్లోకి ఎక్కిస్తూ వచ్చారు. ఎక్కించిన జిల్లాల్లో ఊరి పేరు కొడితే ఎవరెవరు వెళ్ళారో వచ్చేస్తుంది. మన గంజాంకి అలాంటిది లేదు. మనకున్నవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వపు పాత జీవోలు, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్మీ డిపార్ట్‌మెంటు ఫైళ్ళు. ఢిల్లీవాటిలో చాలా ‘అభిలేఖ్ పటల్’ అనే పోర్టల్లో ఇంట్లో కూర్చునే వెతుక్కోవచ్చు. లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో మెసపటేమియా, అంటే ఇప్పటి ఇరాక్‌లో పనిచేసిన దళాల యుద్ధ డైరీలున్నాయి. ఈ మూడింటిలోనూ మీ ముత్తాత పేరు దొరకడం కష్టం. భర్తీ ఎలా జరిగింది, ఏ నెలలో ఎక్కడికి పంపారు, ఏం పని చేయించారు అన్నది దొరకొచ్చు.

నన్నడిగితే ముందు వెతకాల్సింది మీ ఊళ్ళోనే, మీ చేతికందే దూరంలో. మీరు టీచరు కదా, మీ తాతగారు చదివిన బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు మిగిలుంటే తండ్రి పేరు ఎదురుగా వృత్తి ఏం రాశారో చూడండి. యుద్ధం నుంచి వచ్చాక ముత్తాత భూమి కొనుంటే ఆ దస్తావేజులో ఆయన్ని ఏమని రాశారో చూడండి. ఇంట్లో మనియార్డరు రసీదో, డిశ్చార్జి కాగితమో ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత న్యూస్‌పేపర్ కింద ఉంటే ఉండొచ్చు. అన్నిటికన్నా ముందు, ఆ కాలం మాటలు చెవిన పడినవాళ్ళు ఇంకా ఎవరున్నారో లెక్కేయండి. పెదనాన్నగారే కదా మొదటివారు.

అసలు ముడి ఆయన దగ్గరే ఉంది. జైలు మాట ఆయన నోట ఊరికే రాలేదు. 1916 ఆఖరు నుంచి జైళ్ళలోని ఖైదీలను కూడా లేబర్, పోర్టర్ దళాలుగా చేసి మెసపటేమియాకు పంపారు. వెళ్ళి పనిచేసొస్తే మిగిలిన శిక్ష మాఫీ అన్నారు. ఇది చరిత్రలో ఉన్న సంగతే. మీ ముత్తాత అలా వెళ్ళారని దీన్నిబట్టి చెప్పలేం. పతకం మీదున్న దళం పేరు చూసి అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం. ఒకవేళ వెళ్ళినా, ఆ రోజుల్లో మీ వైపు అడవిలో కర్ర కొడితే కేసు, నౌపడా దగ్గర దొంగ ఉప్పు తీస్తే కేసు. జైలు అనగానే హత్య, దోపిడీ అనుకోనక్కర్లేదు. పెదనాన్నగారికి వాళ్ళ నాన్న ఎప్పుడో ఏదో చెప్పి ఉంటారు. దాన్ని ఆయన ఇన్నేళ్ళు ఒక్కరే మోశారు. హవల్దారు కథ దానికి మూత అయుండొచ్చు. మీరు భూతద్దం పట్టుకోగానే ఆయనకు ఆ మూత కదిలినట్టు అనిపించింది. ఆయన కోపం మీమీద అనుకోకండి.

కాబట్టి ఆయనతో మాట్లాడాలి, విడిగా మాట్లాడాలి. తమ్ముడు ఉండగా వద్దు, పిన్ని ఉండగా అసలే వద్దు. పతకం చేతిలో పట్టుకుని వెళ్ళకండి, ఫొటోలు చూపించకండి. ‘పెదనాన్నా, ఫలకం నేను రాయాలంట, తాత గురించి నీకు తెలిసింది చెప్పు, నువ్వొద్దన్నది ఎవరికీ చెప్పను’ అని మొదలుపెట్టండి. రెండు మూడు విడతలు పడుతుంది. ముందు ఆయన కోప్పడొచ్చు, తర్వాత ఏదో ఒకటి చెబుతారు. జైలు సంగతి ఆయన నిజంగా చెప్పి, బయటికి రాకూడదంటే, దాచిపెట్టండి. అందులో తప్పేమీ లేదు. ఫలకం మీద రాయని నిజం వేరు, ఫలకం మీద రాసిన అబద్ధం వేరు. మొదటిదానికి ఆయన్ని బాధపెట్టనక్కర్లేదు. రెండోదానికి మీ చెయ్యి అడుగుతున్నారు, అది మీ ఇష్టం.

ఇప్పుడు ఆ చెయ్యి సంగతి. మీ ముందు కొన్ని దారులున్నాయి.

మీ భర్త చెప్పినట్టు, వాళ్ళు చెప్పింది రాసిచ్చేయొచ్చు. సంక్రాంతి సుఖంగా జరుగుతుంది. పతకం మాత్రం ఇంట్లోనే ఉంటుంది. రేపు ఏ మనవడో భూతద్దం పడతాడు. అప్పుడు ‘ఇది రాసింది ఎవరు’ అంటే మీ పేరే వస్తుంది. చందాలిచ్చిన వాళ్ళలో ఒకరైనా సమాధుల కమిషన్ ప్రింటు తీసి, 1917నీ 1922నీ పక్కపక్కన పెడితే, అభాసుపాలయ్యేది తమ్ముడు. ఆ ‘అమరవీరుడు’ మాట మాత్రం ఏ దారిలోనూ ఒప్పుకోకండి. అది వేరే ఇంటివాళ్ళ చావును మన ఇంటికి తెచ్చుకోవడం. ఈ ఒక్కదానికి పెదనాన్నగారు కూడా మీవైపే ఉంటారు. ఇంట్లో మంచాన పడి పోయిన తన తాతను ఆయన కళ్ళారా చూసుంటారు కదా.

రాయను అని చెప్పి తప్పుకోవచ్చు. ‘స్కూల్లో పరీక్షలు, తీరిక లేదు’ అంటే సరిపోతుంది. మీ మనసుకు శాంతి, కానీ ఇంకెవరో అదే అబద్ధం ఇంకా గట్టిగా రాస్తారు. మీకు తెలిసి కూడా ఊరుకున్నారన్నది మిమ్మల్ని తొలుస్తూనే ఉంటుంది. ఉత్తరం చదివితే మీరు అలా ఊరుకోగల మనిషిలా కనపడలేదు.

అందరిముందూ పతకం పెట్టి ‘ఇదిగో’ అనొచ్చు. నిజం గెలుస్తుంది, పెదనాన్న ఓడిపోతారు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, మిమ్మల్ని పెంచినాయన, వాట్సాప్ గ్రూపులో ఓడిపోవడం మీకు కావాలా? తమ్ముడు కూడా పరువు కోసం మొండికేస్తాడు. ఈ దారి నేను చెప్పను, కానీ ఉందని తెలిసుండాలి.

ఇక మిగిలింది, ఒక్క మాట కూడా అబద్ధం లేకుండా, ఎవరి తలా దించకుండా రాయడం. ఇలా అనుకోండి: ‘మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో భారత సైన్యపు సరఫరా రవాణా దళంలో పనిచేసి, యుద్ధ పతకం పొందిన మా పూర్వీకులు. సముద్రం దాటి వెళ్ళి బస్రాలో పనిచేశారని పెద్దలు చెప్పారు.’ దీన్లో హవల్దారు లేడు, కూలీ లేడు, జైలు లేదు, అమరవీరుడు అంతకన్నా లేడు. పతకం రుజువు చేసేది ఒక వాక్యంలో ఉంది, ఇంటి మాట ఇంటి మాటగానే విడిగా ఉంది, ఎందుకంటే ‘బస్రా’ అని పతకం మీద లేదు. కుటుంబం ఒప్పుకుంటే ‘కూలీగా’ అని కూడా చేర్చండి, నాకైతే అదే ఇష్టం. ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి. దీనికీ ఒక చిక్కుంది. చదివినవాళ్ళు ‘సైన్యంలో పనిచేసి’ అన్న మాటను సిపాయి అనే అర్థం చేసుకుంటారు, ముఖ్యంగా పైన తుపాకీ ఉంటే. అందుకని రాతకన్నా ముందు విగ్రహం గురించి మాట్లాడాలి. ఇంకా మట్టి అచ్చు దశలోనే ఉంటే తుపాకీ తీసేసి తలపాగా, భుజం మీద మూట పెట్టడం శిల్పికి కష్టమేం కాదు. సిమెంటు పోసేశాక అది ఖర్చూ, గొడవా. తమ్ముడికి ఈ వారమే ఫోన్ చేసి, ఏ దశలో ఉందో అడగండి. ఫలకం సంగతి ఎత్తకుండా 1922 లెక్క మాత్రం చెప్పండి. సాఫ్ట్‌వేర్ మనిషి, లెక్కకు లొంగుతాడు. ఆ పోస్టు తనంతట తనే గ్రూపులోంచి తీసేస్తే మిగతా మాటలు సులువవుతాయి.

ఒడియా పాఠం ముందు మీ స్కూల్లో ఒడియా మాస్టారి చేత రాయించండి, తెలుగు నుంచి మాటకు మాట మార్చమనొద్దు. మీ జిల్లాలో పంచాయతీ వాళ్ళు మొదట చదివేది అదే. అక్కడ ‘సైనికుడు’ అని దూరిపోతే మిగతా రెండు భాషల్లో ఎంత జాగ్రత్తపడ్డా లాభం లేదు.

మీ చిన్న ప్రశ్నలు రెండు. ముత్తాత పేరు మీద మేనల్లుడికి మాజీ సైనికుల కోటా వస్తుందా అన్నది మొదటిది. రాదు. ఆ సౌకర్యాలు మాజీ సైనికులకు, వాళ్ళ భార్యాబిడ్డలకు ఉద్దేశించినవి, నాలుగో తరానికి పాకవు. ఈ ఆశతో ఎవరైనా సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బులడిగితే ఇవ్వొద్దనండి, అనుమానముంటే జిల్లా సైనిక్ బోర్డులో నేరుగా అడగమనండి.

పతకం ఎవరి దగ్గరుండాలన్నది రెండోది. పెదనాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన ట్రంకుపెట్టెలోనే ఉండనివ్వండి. విగ్రహం మెడలో వేద్దామని తమ్ముడు అంటున్నాడని రాశారు, దానికి మాత్రం గట్టిగా అడ్డుపడండి. ఒక వానాకాలం చాలు, లేదా ఒక దొంగ చాలు. తీసిన ఫొటోలు, పెన్సిలు కాగితం నకలు ఒక్కో కుటుంబానికి ఒక్కోటి ఇచ్చేయండి, నంబరు కూడా రాసి.